బల్ల అవతలి మాట

పోయిన వారం మన దుభాషిని చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది, చేతిలో నీళ్ల గ్లాసు అలాగే పట్టుకుని. ఆమెను కదిలించకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేసి కదిలిస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి, తెలిసిన కథే కదా అని విసుక్కోకండి.

ఒక పెద్ద దేశం, దాని పక్కన ఒక చిన్న దేశం. పెద్దది మొదట ఏటి మధ్య దిబ్బ అడిగింది. ఇసుక దిబ్బే కదా, దానికోసం తగువెందుకు, పోనీ అనుకున్నారు చిన్న దేశం వాళ్లు. ఏడాది తిరిగేసరికి, రైలు వంతెన మీద కాపలా మేమే కాస్తామంది. వంతెన మనదే, కాపలా వాళ్లదైతే ఏం పోయింది, జీతాలు కూడా వాళ్లే ఇచ్చుకుంటారు అని మనవాళ్లు నవ్వుకున్నారు కూడాను. ఇప్పుడు కొండల్లో కనుమ అడుగుతోంది. ఆ కనుమ దాటితే రాజధాని దాకా బల్లపరుపు నేల. అడ్డం అంటూ ఏదైనా ఉంటే కనుమలో కట్టుకున్న బంకర్లే. కనుమ కింద లోయలో ఒక ఊరు, ఊరి చుట్టూ పల్లెలు. ఇవ్వకపోతే ఏం జరుగుతుందో పెద్ద దేశం నోటితో చెప్పలేదు. కొండకు అవతల ఫిరంగులు నిలబెట్టి ఊరుకుంది.

సరస్సు ఒడ్డున ప్రభుత్వ అతిథిగృహంలో చర్చలు. మన వైపు ప్రధాని. దేశమంతా ఆయన్ని పెద్దాయన అంటుంది. అవతలి వైపు ఒక ప్రత్యేక దూత. కాదన్నా నవ్వే, బెదిరించినా నవ్వే. అందుకని వంటింట్లో గిన్నెలు తోమేవాళ్ల దగ్గర్నుంచి విలేకరుల దాకా అందరూ ఆయనకు చిరునవ్వు అని పేరు పెట్టేశారు. ఇద్దరి మధ్యా మన దుభాషి. మామూలుగా ఎవరి దుభాషి వాళ్లకుంటారు. కానీ రెండో రోజే అవతలి దుభాషికి జ్వరమొచ్చి గదిలో పడుకున్నాడు. దాంతో రెండు వైపులా నోరు ఈమే అయింది.

దుభాషీల వృత్తికి ఒక కట్టుబాటు ఉంది. బల్ల దగ్గర విన్నది పొల్లుపోకుండా చెప్పాలి. బల్ల అవతల విన్నది, అది భోజనాల దగ్గర కానీ మెట్ల మీద కానీ, ఎవరికీ చెప్పకూడదు. ఆ నమ్మకం ఉంది కాబట్టే శత్రువు కూడా దుభాషి ముందు మొహమాటం లేకుండా ముక్కు చీదుకుంటాడు.

ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకునే చిరునవ్వు ఒక పని చేశాడు. భోజనాల విరామంలో నడవాలో చేతులు కడుక్కుంటూ తన కార్యదర్శితో తన భాషలో, "ఈ కనుమ చేతికి రానీ. ఏడాది తిరిగాక మిగతా దేశం దానంతటదే వస్తుంది. వీళ్ల ముసలాయనే తలుపు తీసి పట్టుకుంటాడు" అన్నాడు. అద్దంలో దుభాషిని చూస్తూనే అన్నాడు. అని, నవ్వాడు. అక్కడ ఆగాం మనం.

ఇక కదులుదాం.

దుభాషి గ్లాసు గట్టు మీద పెట్టేసింది. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. నడవా ఈ చివర్నుంచి ఆ చివరకు, ఆ చివర్నుంచి ఈ చివరకు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. చెప్పాలా? చెప్తే ఇన్నేళ్లుగా కూడబెట్టుకున్న నమ్మకం మట్టిలో కలిసిపోతుంది. ఆమె ఒక్కదానిదే కాదు, రేపు ఏ బల్ల దగ్గరా ఏ దుభాషినీ ఎవరూ నమ్మరు. చెప్పకపోతే? తమ్ముడు గుర్తొచ్చాడు. తమ్ముడు సైన్యంలో చేరి ఆ కనుమలోనే ఉన్నాడు, బంకర్లో. మొన్నామధ్య ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ సాక్సులు ఆరి చావట్లేదు, ఉన్ని సాక్సులు పంపించవే" అన్నాడు. దేశాన్ని కాపాడుతున్నవాడి కష్టాలన్నీ ఆ పాదాల దగ్గరే ఉన్నాయి.

ఈ తమ్ముడి సంగతి మొదటి రోజు ఆమె ఒకరితో చెప్పుకుంది కూడా. ఎవరితోనో కాదు, అవతలి దుభాషితోనే. రెండు వైపుల దుభాషీలూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు, అదొక ఆనవాయితీ. పొద్దుటి నుంచీ పరాయివాళ్ల మాటలు మోసి మోసి, ఆ కాసేపే సొంత మాటలు మాట్లాడుకుంటారు. ఆయన తన కూతురికి పాలపళ్లు ఊడుతున్నాయని చెప్పి ఫొటో చూపించాడు. ఈమె తమ్ముడి సాక్సుల గోల చెప్పింది. ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. మర్నాటికి పాపం ఆయనకు జ్వరం.

నడవా మధ్యలో, చేతులు కడుక్కునే చోటుకు ఎదురుగా ఒక చెక్క బెంచీ. దాని మీద కనుమ కింది ఊరి మేయరమ్మ. చర్చలు మొదలైన రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చింది. "మా ఊరి గురించి మాట్లాడుకుంటున్నారట కదా, నేనూ వింటాను" అంది. కూర్చోండి, పిలుస్తాం అన్నారు. ఇదిగో, అప్పట్నుంచీ కూర్చునే ఉంది, శాలువా నెత్తి మీదుగా కప్పుకుని, ఒళ్లో సంచీ పెట్టుకుని. వచ్చేపోయే గుమస్తాలకు ఆమె ఆ బెంచీలో ఒక చెక్కయిపోయింది. సరిహద్దు మూసేయకముందు అటూ ఇటూ సంతలు ఎలా సాగేవో, అవతలి వాళ్లతో బేరమాడి తను దుప్పట్లు ఎలా అమ్మేదో కాఫీ తెచ్చిన మనిషితో చెప్పబోతే, ఆ మనిషి కూడా ఊఁ కొట్టకుండా వెళ్లిపోయాడు.

దుభాషి కనిపిస్తే చాలు, "ఏమంటున్నారమ్మా లోపల?" అనేది మేయరమ్మ.

"చెప్పకూడదండీ."

"పోనీలే, నీ మొహం చూసి తెలుసుకుంటాలే" అని నవ్వేది.

ఇవాళ కళ్లు మూసుకుని గోడకు జారగిలబడి ఉంది. నిద్రపోతోందనుకుని దుభాషి చప్పుడు చేయకుండా దాటబోయింది.

"అంత విసురుగా తిరక్కమ్మా, కళ్లు తిరుగుతాయి" అంది మేయరమ్మ కళ్లు తెరవకుండానే. "ఏమైనా తిన్నావా?"

"ఆకలిగా లేదండీ."

"నాకూ లేదు."

అంతే. లోపల ఏమంటున్నారని అడగలేదు. అలిసిపోయి ఉంటుంది, ఎన్నిసార్లని అడుగుతుంది అనుకుంది దుభాషి. అడగనందుకే ఆమెకు ప్రాణం మరీ ఉసూరుమంది. ఇంక ఉండబట్టలేక పెద్దాయన గది వైపు నడిచింది.

పెద్దాయన బూట్లు విప్పేసి, కాళ్లు స్టూలు మీద పెట్టుకుని నారింజపండు ఒలుచుకుంటున్నాడు. ఆయన సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. దేశంలో ఎవరి సాక్సులూ బాగున్నట్టు లేవు.

"రా అమ్మాయ్" అన్నాడు. "మీ నాన్న పరీక్ష పేపర్లు దిద్ది తెచ్చిన రోజు అచ్చం ఇలాంటి మొహమే పెట్టేవాడు. ఏంటి, తప్పానా?"

దుభాషి నాన్న బడిలో చరిత్ర చెప్పేవాడు. ఇప్పుడు లేడు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లలో పెద్దాయన ఒకడు. ఆ చనువుతోనే ఆమె తలుపు తట్టకుండా లోపలికి రాగలిగింది.

"సార్, నేనొక మాట విన్నాను. బల్ల దగ్గర కాదు."

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. చెప్పకు."

"చెప్పాలి సార్. చెప్పకపోతే నేను..."

"చెప్పకంటున్నానా! నోరు జారితే రేపట్నుంచి నువ్వు దుభాషివి కావు. పైగా నువ్వు చెప్పక్కర్లేదు." ఒక తొన విడదీసి ఆమె చేతిలో పెట్టాడు. "కనుమతో ఆగరు. ఏడాది తిరిగాక మొత్తం మింగేస్తారు. అదేగా?"

"మీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచీ తెలుసు. మన గూఢచారులేం గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేదు."

ఇంతసేపూ తనలో తను కొట్టుకుని చచ్చింది దీనికా! ఆమెకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "తెలిసి కూడా సంతకం పెడతారా?"

"పెడతాను. మన దగ్గరున్న గుండ్లు ఎన్నాళ్లకు సరిపోతాయో సైన్యాధిపతి లెక్క చెప్పాడు. నీకు చెప్పను, అన్నం సహించదు. నాకు టైం కావాలమ్మాయ్. ఒక్క ఏడాది. ఆ ఏడాది కొనుక్కోవడానికి నా చేతిలో ఉన్నది ఆ కనుమ ఒక్కటే."

"ఆ ఏడాది వాళ్లకూ వస్తుంది కదా సార్! మనం గుండ్లు చేసుకుంటుంటే వాళ్లు చేతులు ముడుచుకుని కూర్చుంటారా? పైగా మన బంకర్లన్నీ అక్కడే ఉన్నాయి. ఉన్న గోడ ఇచ్చేసి, ఇటుకలు కొనుక్కుందాం అంటున్నారు మీరు."

"అబ్బో, అచ్చం మీ నాన్నే."

"నాన్నే. ఆయన మ్యూనిక్ పాఠం చెప్పిన రోజు మీరు ఏ బెంచీలో కూర్చున్నారో గానీ..."

"ఆఖరి బెంచీ. అయినా విన్నాను." పెద్దాయన పండు పక్కన పెట్టేశాడు. ఇంతవరకూ ఉన్న వేళాకోళం మాటలోంచి పోయింది. "పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది. ప్రతివాడికీ అదొక్కటే కంఠతా వచ్చు. హిట్లర్ చెకోస్లొవేకియాలో కొంచెం అడిగాడు, ఇచ్చారు, ఆర్నెల్లు తిరక్కుండా మిగతాదీ లాక్కున్నాడు. తలొగ్గితే నెత్తికెక్కుతారు. సరే, ఒప్పుకున్నా. కానీ మీ నాన్న దానికి ముందు ఇంకో పాఠం చెప్పాడు, నీకు గుర్తుందో లేదో. పందొమ్మిది వందల పద్నాలుగు, మొదటి ప్రపంచ యుద్ధం. ఎవ్వడూ ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. అందరూ పౌరుషవంతులే! దగ్గర దగ్గర కోటిమంది కుర్రాళ్లు బురదలో పోయారు. ఇవాళ నా ముందు కూర్చున్నది పద్నాలుగో, ముప్పై ఎనిమిదో, నుదుటి మీద రాసుకొస్తుందా? తర్వాత పుస్తకాలు రాసేవాళ్లకు తీరిగ్గా తెలుస్తుంది. నాకు భోజనాలయ్యేలోపు తెలియాలి."

నిజం చెప్పొద్దూ, ఇది పద్నాలుగో ముప్పై ఎనిమిదో నాకూ తెలియదు.

పెద్దాయన గొంతు తగ్గించాడు. "మీ తమ్ముడు ఆ కనుమలోనే కదూ? సంతకం పడగానే బంకర్లు ఖాళీ చేయిస్తాను. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. మీ అమ్మ వండింది కడుపునిండా తిని పడుకుంటాడు."

ఆ క్షణాన దుభాషికి కలిగింది సంతోషం. దాచేదేముంది, సంతోషమే. గుమ్మంలో తమ్ముడి బూట్లు, అమ్మ అరుపులు, తడి సాక్సులు కుర్చీల మీద వేశాడని తిట్లు, అన్నీ కళ్ల ముందు కదిలాయి. పెట్టేయండి సార్, ఎవడిక్కావాలి ఆ కనుమ, అనబోయింది కూడా. వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. లోయలో ఉన్నవాళ్లకూ అక్కలూ తమ్ముళ్లూ ఉన్నారు.

"వచ్చే ఏడాది మళ్లీ వెళ్తాడు సార్" అంది. "అప్పుడు దాక్కోవడానికి బంకరు ఉండదు. బయలు నేల మీద నిలబడతాడు."

పెద్దాయన పండు మళ్లీ చేతిలోకి తీసుకుని తొనల మీది పీచు తీయసాగాడు.

"పోనీ, ఒక్కటి చెప్పండి. ఆ పాఠంలో నాన్న ఎప్పుడూ ఒకచోట ఆగిపోయేవాడు. ఎక్కడో గుర్తుందా?"

"హోటల్ దగ్గర" అన్నాడు పెద్దాయన, తలెత్తకుండా.

"అవును. నలుగురు పెద్దమనుషులు బల్ల చుట్టూ చేరి ఒక దేశాన్ని కోసి పంచుతుంటే, ఆ దేశం మనుషుల్ని హోటల్లో కూర్చోబెట్టారు. కోయడం పూర్తయ్యాక పిలిచి మ్యాపు చేతిలో పెట్టారు. చెకోస్లొవేకియా వాళ్లను కనీసం లోపలికి రానివ్వలేదర్రా అని నాన్న కళ్లజోడు తీసేసేవాడు. మరి ఇక్కడ బెంచీ మీద కూర్చున్నదెవరు సార్?"

పెద్దాయన మొహం మాడిపోయింది. "ఆమెను లోపలికి పిలిస్తే ఏడుస్తుంది" అన్నాడు. "ఏడిస్తే నేను సంతకం పెట్టలేను. అంతా అయ్యాక నేనే వెళ్లి చెప్తాను, నా నోటితోనే."

"మ్యాపు చేతిలో పెట్టి."

"ఇంక వెళ్లమ్మాయ్."

ఆమె తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి మళ్లీ ఆయన మాట వినబడింది. "మ్యూనిక్‌లో సంతకాలు పెట్టినవాళ్లలో ఒకాయన సొంత దేశంలో విమానం దిగుతూ, పోగైన జనాన్ని చూసి తన్నడానికొచ్చారనుకున్నాడట. వాళ్లేమో జేజేలు కొట్టారు. నాకూ కొడతారు. నా భయం కూడా అదే."

గంట కొట్టారు. అందరూ హాల్లోకి చేరారు. బల్లకు ఈ పక్క పెద్దాయన, ఇద్దరు మంత్రులు. ఆ పక్క చిరునవ్వు, ఆయన కార్యదర్శి. మధ్యలో రెండు కలాలు, మూతలు పెట్టి. ఎవరికీ కుదురు లేదు. ఒక మంత్రి మాటిమాటికీ కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఇంకొకాయన కాలు ఊపుతుంటే బల్ల మీద నీళ్లు కదులుతున్నాయి. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నది చిరునవ్వు ఒక్కడే.

ఒప్పందం చదవడం దుభాషి పని. ముందు ఆ భాషలో చదివింది, తర్వాత ఈ భాషలో. కనుమ, లోయ, ఊరు, పల్లెలు, బంకర్లు. తన తమ్ముడి బంకరు సంగతి కూడా తనే చదివింది. గొంతు ఎక్కడా తడబడలేదు. తడబడకపోవడానికే కదా జీతం ఇస్తున్నది.

చదవడం అయ్యాక దుభాషి లేచి నిలబడి ఒక ప్రశ్న అడగాలి. ఎప్పటి ఆచారమో, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. "బల్ల మీదకు రావలసిన మాట ఈ ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఉందా?" అని రెండు భాషల్లోనూ అడగాలి. ఎవరూ జవాబు చెప్పరు. చెప్పిన దాఖలా లేదు. దగ్గుతారు, కుర్చీలు సర్దుకుంటారు, కలాల మూతలు తీస్తారు. అంతే.

దుభాషి లేచి నిలబడింది. ఈ ఇంట్లో, అనుకుంది. ఈ బల్ల దగ్గర అని కాదు, ఈ హాల్లో అని కాదు. ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉంది, ఇల్లంటే ఎంతవరకో ఎప్పుడూ ఆలోచించలేదు. కుర్చీ వెనక్కి జరిపి నడిచింది. కాపలా మనిషి ఏమైందో అర్థం కాక పక్కకు తప్పుకున్నాడు. రెండు తలుపులూ బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి, నడవా అంతా వినబడేలా అడిగింది.

"బల్ల మీదకు రావలసిన మాట ఈ ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

"ఉందమ్మా" అంది మేయరమ్మ.

దుభాషి ఆశించింది ఏంటంటే, మేయరమ్మ లోపలికి వచ్చి నిలబడితే చాలని. పెద్దాయన ఆమె మొహం చూస్తూ సంతకం పెట్టగలిగితే పెట్టుకోనీ అని. అంతకుమించి ఏ ఎత్తూ లేదు ఆమె దగ్గర.

మేయరమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. శాలువా సర్దుకుంది. సంచీ భుజానికి తగిలించుకుని లోపలికి వచ్చింది. కూర్చోడానికి కుర్చీ ఎవరూ చూపించలేదు, ఆమె ఎదురుచూడనూ లేదు. బల్ల దగ్గరకు వచ్చి, ఒప్పందం కాగితాల మీదే సంచీ పెట్టింది. కార్యదర్శి హడావిడిగా కాగితాలు లాక్కోబోయాడు గానీ సంచీ బరువుగా ఉంది.

"ఈవిడెవరు?" అన్నాడు చిరునవ్వు సరదాగా. దుభాషి తిప్పి చెప్పేలోపే జవాబు వచ్చింది. మన భాషలో కాదు, చిరునవ్వు భాషలో. బడిలో నేర్చిన భాష కాదది. సంతలో కేకలేసి, బేరాలాడి, తిట్లు తిని తిరిగి తిట్టి నేర్చుకున్న భాష.

"మీరు అడుగుతున్న ఊరికి మేయర్ని బాబూ. మా లోయలో చంటిపిల్లలకు కూడా మీ మాటలు వచ్చు. మీరు మమ్మల్ని కావాలంటున్నారే గానీ, మాకేం వచ్చో ఏం రాదో అడగలేదు. మా వాళ్లూ అడగలేదనుకోండి." పెద్దాయన వైపు ఒక్క చూపు చూసి మళ్లీ ఇటు తిరిగింది. "ఇందాక మీరు చేతులు కడుక్కుంటుంటే నేను ఎదురుగా బెంచీ మీదే ఉన్నాను. ఈ కనుమ చేతికి రానీ అన్నారు. ఏడాది తిరిగాక మిగతా దేశం దానంతటదే వస్తుందన్నారు. వీళ్ల ముసలాయనే తలుపు తీసి పట్టుకుంటాడన్నారు. ఒక్క ముక్క అటూ ఇటూ అయితే దిద్దండి."

కార్యదర్శి చెవులు ఎర్రబడ్డాయి. మన మంత్రులిద్దరూ ఏమీ అర్థంకాక దుభాషి వైపు చూశారు.

ఇందాక అద్దంలో చిరునవ్వు చూసింది దుభాషిని ఒక్కదాన్నే. వెనకున్న బెంచీని ఆయనా లెక్కపెట్టలేదు, తనూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆ మాట బల్ల మీదకు వచ్చింది. బల్ల మీదకు వచ్చిన మాట పొల్లుపోకుండా చెప్పాలి. చెప్పకూడదన్న కట్టుబాటే ఇప్పుడు చెప్పి తీరాలంటోంది. చెప్పింది. ముసలాయన అన్న మాటతో సహా ఒక్కొక్క ముక్కా మన భాషలో చెప్పింది. ఇందాకటి నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది.

మేయరమ్మ పెద్దాయన వైపు తిరిగింది. ఏడుస్తుందని కదా ఆయన భయపడింది? ఏడవలేదు. "మీకిది తెలుసా అయ్యా?" అంది మన భాషలో.

మంత్రులు పెద్దాయన వైపు చూశారు. వాళ్లకు తెలియదు, మొహాల్లోనే కనబడుతోంది. పెద్దాయన, "తెలుసు" అన్నాడు.

"తెలిసే ఇచ్చేస్తున్నారా మమ్మల్ని?"

"ఏడాది టైం వస్తుందని..."

"మమ్మల్ని అడిగితే మేమూ చెప్పేవాళ్లం కదయ్యా, ఇవ్వాలో వద్దో. మా ఊరు, మా పిల్లలు. ఒకవేళ సరేనందుమేమో. ఎవరికి తెలుసు? అడగలేదు కదా."

పెద్దాయన కలం వైపు చెయ్యి చాపాడు. ఆయన కలాన్ని తీసుకోలేదు, వేలితో దూరంగా నెట్టాడు. ఎంతో దూరం కాదు, చెయ్యి చాపితే మళ్లీ అందేంత దూరం.

చిరునవ్వు మొహం మీద మొదటిసారిగా నవ్వు లేదు. నవ్వు లేకపోతే ఆయన మామూలు మనిషిలా, కాస్త ముసలివాడిలా ఉన్నాడు. "ఒక సంత మనిషి అల్లిన కథ నమ్మి దేశాలు నడుపుతారా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా దుభాషి వైపు తిరిగాడు. "నువ్వూ అక్కడే ఉన్నావు. నేనలా అన్నానా?"

ఆ ప్రశ్న కూడా ఆమే తిప్పి చెప్పాలి. "నువ్వూ అక్కడే ఉన్నావు, నేనలా అన్నానా అని దుభాషిని అడుగుతున్నారు" అని పెద్దాయనకు చెప్పింది. అందరి కళ్లూ ఆమె మీదే.

ఆయన ధీమా ఆమెకు అర్థమైంది. బల్ల అవతల విన్నది ఆమె చెప్పదు. ఆమె నోరు మెదపకపోతే మేయరమ్మ అబద్ధాలకోరు అయిపోతుంది. కలం మళ్లీ ఇటు జరుగుతుంది. తమ్ముడు రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాడు. ఏమీ చేయక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. వృత్తి ధర్మం అంటారు, మెచ్చుకుంటారు కూడా. అవునంటే మాత్రం తమ్ముడు ఆ బంకర్లోనే ఉంటాడు, ఫిరంగుల ఎదురుగా, తన మాట వల్ల.

కానీ అడిగింది బల్ల దగ్గర. అడిగింది ఆయనే. బల్ల దగ్గర అడిగినదానికి బల్ల దగ్గరే జవాబు చెప్పాలి. ఇన్నేళ్లలో "నేను" అన్న ప్రతిసారీ అది ఇంకెవరి నేనో. ఇవాళ తనది తను అనాలి.

"అన్నారు. నేను విన్నాను" అంది ఆ భాషలో. తర్వాత పెద్దాయన వైపు తిరిగి ఈ భాషలోనూ అంది. "అన్నారు సార్. నేను విన్నాను."

మేయరమ్మ సంచీ తీసి భుజాన వేసుకుంది. ఒప్పందం కాగితాలు నలిగి ఉన్నాయి.

చిరునవ్వు కోటు గుండీలు పెట్టుకున్నాడు. లేచాడు. ఆయన మొహం మీదకు నవ్వు మళ్లీ వచ్చింది, మునుపటి కంటే తీయగా. దుభాషి కళ్లలోకి చూస్తూ, ఆమెకు రాసుకోవడానికి వీలుగా ఉండాలన్నట్టు, ఒక్కొక్క మాటే నింపాదిగా చెప్పాడు. చెప్పి, తిప్పి చెప్పమని చేత్తో మర్యాదగా సైగ చేశాడు.

దుభాషి నోరు తెరిచింది. మంత్రుల్లో ఒకాయన, "ఏమంటున్నాడు?" అన్నాడు. "ఏమన్నాడమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

బల్ల దగ్గర విన్నది పొల్లుపోకుండా చెప్పాలి.

"మీ దుభాషి తమ్ముడికి ఉన్ని సాక్సులు అందాయా?" అంది. గొంతు తనది కానట్టుంది. "అందకపోతే తొందరగా పంపించండి. ఈ రాత్రి కనుమలో వాటి అవసరం పడుతుంది."

"సాక్సులేంటి?" అన్నాడు పెద్దాయన.

దుభాషి గుమ్మం వైపు చూసింది. తను బార్లా తెరిచిన తలుపుల్లోంచి నడవా కనబడుతోంది. ఖాళీ బెంచీ పక్కన అవతలి దుభాషి నిలబడి ఉన్నాడు. కోటు తొడుక్కుని, పెట్టె సర్దుకుని, ప్రయాణానికి సిద్ధంగా. జ్వరం వచ్చిన మనిషిలా లేడు. ఆమె చూపు తగలగానే ఆయన తల దించుకున్నాడు.